దీనారం మీది బొమ్మ

శ్రీనాథుడి కనకాభిషేకాన్ని చెప్పే చాటుపద్యం పాఠం చెప్పేటప్పుడు 'దీనారము అంటే బంగారు నాణెం' అని రాయించి ముందుకు పోతాం. అర్థం తప్పు కాదు. అయితే ఆ మాటకు మూలమైన రోము 'డెనారియస్' వెండి నాణెం. మన దేశంలో గుప్తుల నాటికి అదే మాట బంగారానికి స్థిరపడింది.

ఆ వెండి నాణెం తెలుగు నేలకు దండిగానే వచ్చింది. నల్లగొండ ప్రాంతంలోని అక్కన్‌పల్లిలో ఒక్క నిక్షేపంలోనే 1,531 డెనారియస్‌లు దొరికాయి. అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. ఈ దేశంలో తరచుగా దొరికే అగస్టస్ నాణేన్ని ఒక పద్యంలా చదివి చూడండి. ముందువైపు ఆకుల దండ చుట్టిన చక్రవర్తి తల. చుట్టూ లాటిన్ అక్షరాలు: దైవపుత్రుడు, దేశపిత. పెంపుడు తండ్రి జూలియస్ సీజరును చనిపోయాక దేవుణ్ణి చేశారు గనక కొడుకు దైవపుత్రుడయ్యాడు! వెనకవైపు అతని మనవలు గైయస్, లూసియస్. పక్కన డాళ్ళు, ఈటెలు. రేపటి ఏలికలు వీళ్ళేనని ప్రకటన. మన కావ్యాల అవతారికలో వంశవర్ణన చేసే పని ఇదే. కాకపోతే అవతారిక వినేది ఆస్థానం, నాణెం తిరిగేది సంతలో. ఆ మనవలిద్దరూ క్రీ.శ. 2లో ఒకరు, 4లో ఒకరు తాతకన్నా ముందే పోయారు. వెండి మీద మాత్రం ఏలికలుగానే మిగిలారు.

బొమ్మలో చోటు దొరకనివాళ్ళు వేరే ఉన్నారు. రోము వెండికి పెద్ద ఆధారం స్పెయిన్ గనులు. అక్కడ ఒక్కచోటే 40,000 మంది పనిచేసేవారని క్రీ.పూ. 2వ శతాబ్దంలో పోలీబియస్ రాశాడు. ఇటు మిరియాలు పండించినవారి, సన్నబట్ట నేసినవారి లెక్క ఎవరూ రాయలేదు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు లాగేసుకుంటోందని వాపోయిన ప్లినీకి రోము సొమ్ము గురించే దిగులు. నాలుగు సెస్టర్షియస్‌లు ఒక డెనారియస్.

మరి మనవాళ్ళు ఆ దైవపుత్రుణ్ణి నమ్మారా? క్రీ.శ. 64లో నీరో వెండి తగ్గించాడు. ఇక్కడి నిక్షేపాల్లో ఎక్కువగా ఉన్నవి అంతకుముందరి నాణేలే. అంటే చూసింది ముఖాన్ని కాదు, లోహాన్ని. కొన్నిటిమీద మనవాళ్ళు సొంత ముద్రలు కొట్టుకున్నారు. 1898లో తమిళనాట పుదుక్కోటలో దొరికిన 501 రోమను బంగారు నాణేల్లో నూటికి తొంభైకి పైగా వాటికి చక్రవర్తి ముఖం మీదుగా ఉలి గాటు ఉంది.