సీ భాషలో మాక్రోలు: అతుకుల మర్మము

శుభలేఖలు అచ్చువేయువారు ఒకే పాఠము నుంచుకొని, పేళ్లు మాత్రము మార్చుచుందురు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారును ఈ యుపాయమునే వాడుదురు. దానిలోని సౌకర్యమును, ప్రమాదమును ఇచట వివరింపదలచితిమి.

సీ భాషను 1970 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు డెన్నిస్ రిచీ రూపొందించెను. ఆ భాషలోని ప్రోగ్రామును కంపైలరు యంత్రభాషలోనికి మార్చుటకు ముందు, ప్రీప్రాసెసరు అనునది దానిని చదివి, మాక్రో పేరు కనబడినచోట నిర్వచనములోని పాఠమును ఉంచును. మాక్రోను విప్పునపుడు అది టోకెన్లనబడు పేళ్లు, అంకెలు, గుర్తులు మొదలగువానినే చూచును, లెక్క కట్టదు.

‘వర్గము(స)’ అనగా ‘స * స’ అని నిర్వచించితి మనుకొందము. గది 3 గజములు, దానికి కలిపిన వసారా 2 గజములు. ఇట్టి చతురస్రపు నేలకు గచ్చు లెక్కకట్ట ‘వర్గము(3 + 2)’ అని వ్రాసితిమి. రావలసినది 25. కాని అది ‘3 + 2 * 3 + 2’గా మారును, గుణకారము ముందు జరుగును గనుక 11 వచ్చును. కంపైలరు తప్పనదు. నిర్వచనములో ప్రతి ‘స’ చుట్టును, మొత్తము చుట్టును బ్రాకెట్లు పెట్టిన ఈ దోషము తొలగును.

1989 నాటి అమెరికా ప్రమాణము మాక్రోలకు రెండు గుర్తుల నొసగెను. # అనునది ఇచ్చిన మాటను కొటేషను గుర్తుల నడుమ నుంచును. ## అనునది రెండు టోకెన్లను ఒక్కటిగా అతికించును: ‘గది’, ‘7’ కలిసి ‘గది7’ అగును. దేవ, ఆలయ శబ్దములు దేవాలయ మగునపుడు సంధిచే అచ్చులు మారును. ఇచట ఏ మార్పును లేదు. అతికినది భాషలో చెల్లుబడియగు ఒకే టోకెను కావలెను.

మరియొక చిక్కు కలదు. ‘అంకె’ అను మాక్రోకు 7 అని నిర్వచన మున్నను, ‘అతుకు(గది, అంకె)’ అనిన ‘గదిఅంకె’యే వచ్చును. ఏలయన ## ప్రక్కనున్న మాటను ముందుగా విప్పి చూడరు. అందుచే ‘అతుకు’ను పిలుచు రెండవ మాక్రో నొకదానిని వ్రాయుదురు. అందు ## లేదు గనుక ‘అంకె’ మొదట 7 అగును. పిదప లోపలి మాక్రో అతికించును.

సందేహము కలిగినపుడు, ప్రీప్రాసెసరు తయారుచేసిన పాఠమును మాత్రము చూపుమని కంపైలరును కోరవచ్చును. దానిని ఒకమారు చదివిన, దోష మెచట నున్నదో కంటికే కనబడును.