పాతబస్తీ కారులో పాటల గ్రంథాలయం

పాటను దాచుకోవడం ఒక విద్య, దాచుకున్న పాటను అడిగిన క్షణంలో పట్టుకోగలగడం మరొక విద్య. గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు, కాంపాక్ట్ డిస్కులు వాడుకలో ఉన్న రోజుల్లో ఈ రెండో పనిని అట్ట మీది బొమ్మ, డబ్బా అంచున రాసిన పేరు చాలావరకు నెరవేర్చేవి. పెన్‌డ్రైవ్ వచ్చాక వేల పాటలు బొటనవేలంత పరికరంలో ఇమిడిపోయాయి గాని, ఆ పాటలకు అట్ట లేదు, రంగు లేదు, అరలో స్థానం లేదు. ఉన్నదల్లా ఫైలుకు పెట్టిన పేరు, ఆ ఫైలును ఉంచిన ఫోల్డరు, ఫైలు లోపల దాగిన కొద్దిపాటి సమాచారం మాత్రమే. అందుచేత ఫోల్డర్ల అమరికను కంప్యూటరు తెలిసినవారి ముచ్చటగా కాక, చిన్న గ్రంథాలయ నిర్వహణగా చూడటమే సరైనది.

ఈ అవసరం హైదరాబాదు పాతబస్తీలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. చార్మినార్ దగ్గర బయలుదేరి షాలిబండ, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాదు విమానాశ్రయానికి వెళ్లే కారులో ఉదయం సుప్రభాతం, ఆ తరువాత పాత తెలుగు సినిమా పాట, మధ్యలో ఒక గజల్, తిరుగు ప్రయాణంలో ఖవ్వాలీ వినిపించడం ఇక్కడ వింతేమీ కాదు. ఇన్ని భాషలూ ఇన్ని సంప్రదాయాలూ ఒకే పెన్‌డ్రైవ్‌లో కలిసినప్పుడు, ఒక్క సంప్రదాయానికి సరిపోయే వర్గీకరణ మిగిలినవాటికి సరిపోదు.

పైగా కారులో వినేవాడి చేతులు స్టీరింగు మీద, కళ్లు రోడ్డు మీద ఉండాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 11 మీటర్లకు పైగా ముందుకు సాగుతుంది. పాట వెతకడానికి రెండు సెకన్లు తెర వైపు చూస్తే, 22 మీటర్ల దారి చూడకుండానే గడిచిపోతుంది. పత్తర్‌గట్టీ, మదీనా కూడలి వంటి చోట్ల ఆ 22 మీటర్లలో తోపుడు బండి, ఆటో, పిల్లల చేయి పట్టుకుని దాటే తల్లి, అందరూ ఉంటారు. చూపు అవసరం లేకుండా, ఒకటి రెండు మీటలు నొక్కగానే కావలసిన పాటలు అందేలా చేయడమే మంచి అమరికకు పరీక్ష.

కొరత స్థలానిది కాదు

ఎంపీ3 అనేది శబ్దాన్ని కుదించి దాచే పద్ధతి. చెవి అంతగా పట్టించుకోని శబ్దభాగాలను తగ్గించి ఫైలు పరిమాణాన్ని కుదించడం దాని కీలకం. దాని ప్రమాణం 1993లో వెలువడింది, ఫైలు పేరు చివర కనిపించే ‘ఎంపీ3’ అనే తోకను 1995లో జర్మనీ పరిశోధకులు ఖరారు చేశారు. ఒక సెకను శబ్దానికి ఎంత సమాచారం కేటాయించారో చెప్పే కొలతను బిట్‌రేటు అంటారు. 128 కిలోబిట్ల బిట్‌రేటులో సెకనుకు 16,000 బైట్లు ఖర్చవుతాయి గనుక, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో దాదాపు 555 గంటల సంగీతం, అంటే ఐదు నిమిషాల పాటలైతే సుమారు 6,600 పడతాయి. నాణ్యత మెరుగైన 320 కిలోబిట్లలో కూడా 222 గంటలు పడతాయి. రోజుకు గంటసేపు కారులో వినేవారికి మొదటి లెక్క ఏడాదిన్నరకు సరిపోతుంది. కాబట్టి చోటు చాలడం లేదన్న చింత ఇప్పుడు అక్కర్లేదు; ఆరువేల పాటల మధ్య ఒక పాట తప్పిపోకుండా చూసుకోవడమే అసలు పని.

పాటను గుర్తుపెట్టుకునే నాలుగు దారులు

ఫోల్డర్లు ఎలా విభజించాలన్న ప్రశ్నకు సమాధానం యంత్రంలో లేదు, జనం పాటను ఏ పేరుతో అడుగుతారన్న దానిలో ఉంది. తెలుగు శ్రోత సినిమా పాటను ముందుగా చిత్రం పేరుతో గుర్తుచేసుకుంటాడు. ఆ తరువాతే గాయకుడు, సంగీత దర్శకుడు, కవి గుర్తుకు వస్తారు. అందువల్ల సినిమా పాటలకు చిత్రానికొక ఫోల్డరు ఉండటం సహజమైన పద్ధతి. అయితే పేరు ఒక్కటే చాలదు, పక్కనే సంవత్సరమూ ఉండాలి. ‘దేవదాసు’ పేరుతో 1953లో, 1974లో, 2006లో చిత్రాలు వచ్చాయి. ‘మిస్సమ్మ’ 1955లో ఒకటి, 2003లో ఒకటి. సంవత్సరం రాయకపోతే ఒక తరం పాటలు మరొక తరం ఫోల్డరులో కలిసిపోయి, తాతగారు అడిగిన పాటకు బదులు మనవడి పాట మోగుతుంది.

కీర్తన దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి పనికిరాదు. గోల్కొండ కోటలో బందీగా ఉన్న కంచర్ల గోపన్న కీర్తనలను మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో విన్నా, మరొకరి గొంతులో విన్నా, జనం వాటిని రామదాసు కీర్తనలనే అంటారు. అన్నమయ్య, త్యాగయ్యల విషయంలోనూ అంతే. ఇక్కడ వాగ్గేయకారుడి పేరు, అంటే పాట రాసి స్వరం కూర్చిన మహనీయుడి పేరు, ఫోల్డరుకు శీర్షిక కావాలి. పాడినవారి పేరు దాని లోపల రావాలి.

ఖవ్వాలీలో, గజల్‌లో ఈ క్రమం తలకిందులవుతుంది. ఒకే కవి రచనను అనేకులు పాడతారు గాని, శ్రోత వెతికేది పాడినవారిని. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ, ఆయన మనుమలుగా ఆ బాణీని కొనసాగిస్తున్న వార్సీ సోదరులు, గజల్‌లో హైదరాబాదు గొంతుగా పేరుపొందిన విఠల్ రావు: ఈ పేర్లే ఇక్కడి రసికుల నోట ముందుగా పలుకుతాయి. పైగా ఖవ్వాలీ పదిహేను, ఇరవై నిమిషాల పాటు మెల్లగా రాజుకుని ఎగసే రూపం. దాన్ని నాలుగు నిమిషాల సినిమా పాటల మధ్య కలిపేస్తే వినేవారికీ తృప్తి ఉండదు, పాడినవారికీ న్యాయం జరగదు.

నాలుగో దారి సందర్భం. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలకు మోగే పాటలు, బతుకమ్మ పాటలు, అరబ్బుల ద్వారా, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ద్వారా నగరానికి వచ్చి పెళ్లి ఊరేగింపుల్లో స్థిరపడిన మర్ఫా వాద్యం, మొహర్రంలో కర్బలా అమరులను తలుచుకుంటూ పాడే నౌహాలు: వీటిని ఎవరు పాడారని సాధారణంగా ఎవరూ అడగరు, ఎప్పటివని అడుగుతారు. ఇవి వేర్వేరు ఫోల్డర్లలో ఉండటం సౌకర్యం మాత్రమే కాదు, మర్యాద కూడా. పాటలను యంత్రమే కలగలిపి వినిపించే ‘షఫుల్’ అమరికలో, నౌహా ముగిసిన వెంటనే మర్ఫా మోగితే దుఃఖంలో ఉన్న మనసు గాయపడుతుంది. చాలా కారు స్టీరియోల్లో ఒక ఫోల్డరు లోపల మాత్రమే కలగలిపే వీలుంటుంది గనుక, ఫోల్డరు ఆ రెండు లోకాల మధ్య గోడగా నిలుస్తుంది.

ఇలా చూస్తే పై వరుసలో ఆరేడు ఫోల్డర్లు చాలు: భక్తి, తెలుగు సినిమా, హిందీ సినిమా, గజళ్లు–ఖవ్వాలీలు, పండుగలు–సందర్భాలు, పిల్లల పాటలు. వాటి లోపల చిత్రం, వాగ్గేయకారుడు, గాయకుడు, సందర్భం అనే పేర్లతో రెండో వరుస. ఆ లోతు దాటితే ఫోల్డరులో ఫోల్డరు తెరుస్తూ పోవలసి వస్తుంది, చూపు రోడ్డు మీద నిలవదు. ఇలా అనేక భాషలను ఒకచోట సర్దడం ఈ నగరానికి కొత్త కాదు: నయాపుల్ దాటగానే అఫ్జల్‌గంజ్‌లో కనిపించే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1891లో ఆసఫియా పేరుతో మొదలైనప్పటి నుంచి, అనేక భాషల పుస్తకాలను ఒకే కప్పు కింద నిలుపుకుంటూ వచ్చింది. భారత గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమంటుంది. కారులో ఆ సమయం ఆదా కావడమంటే ప్రాణభద్రత పెరగడమే.

అంకెలు, అక్షరాలు

మెకానిక్కులు, డ్రైవర్లు డెక్ అని పిలిచే కారు స్టీరియో ఫైళ్ల పేర్లను ఎడమ నుంచి ఒక్కొక్క గుర్తుగా పోల్చి వరుస పెడితే, 1 తరువాత 2 రాదు, 10 వస్తుంది. మనిషి అంకె విలువను చూస్తాడు, ఆ పద్ధతిలో నడిచే యంత్రం గుర్తులను ఒక్కొక్కటిగా మాత్రమే చూస్తుంది. 01, 02, 03 అని సున్నా చేర్చి రాస్తే ఈ చిక్కు తీరుతుంది. పై వరుస ఫోల్డర్లకు కూడా ఇలాగే అంకెలు పెడితే, ఎన్నోసారి మీట నొక్కితే ఏ ఫోల్డరు వస్తుందో వేళ్లకే అలవాటవుతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు రాయడంలో మరో ఇబ్బంది ఉంది. త్యాగరాజు పేరును ఒకరు ‘టి, వై’తో మొదలుపెడితే మరొకరు ‘టి, హెచ్, వై’తో మొదలుపెడతారు, శంకరాభరణాన్ని ఒకరు ఒంటి ‘ఎస్’తో, మరొకరు ‘ఎస్, హెచ్’తో రాస్తారు. రెండూ తప్పు కాకపోయినా, ఒకే పెన్‌డ్రైవ్‌లో రెండూ ఉంటే ఒకే కృతికర్త రెండు చోట్ల చీలిపోతాడు. ఏ వర్ణక్రమం ఎంచుకున్నారన్నది ముఖ్యం కాదు, ఎంచుకున్నదాన్ని చివరి వరకు పాటించడం ముఖ్యం.

తెలుగు లిపిలోనే రాయాలన్న కోరిక న్యాయమైనది. యూనికోడ్, అంటే ప్రపంచ లిపులన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం, 1991 నాటి తొలి రూపంలోనే తెలుగుకు చోటిచ్చింది. ఆండ్రాయిడ్ ఆధారంగా పనిచేసే తెరలు తెలుగును చక్కగా చూపిస్తాయి. పాత స్టీరియోల చిన్న తెరలు మాత్రం గుణింతాలనూ ఒత్తులనూ కూర్చలేక ఖాళీ గళ్లు చూపిస్తాయి. కొనేముందు దుకాణంలోనే తెలుగు పేరున్న ఒక పాటను పెట్టి చూసుకోవడం మేలు.

ఫైలు లోపలి చీటీ

ఫోల్డరుకు ఒక సహజమైన పరిమితి ఉంది: ఒక పాట ఒక్క ఫోల్డరులోనే ఉంటుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘంటసాల గాయకుడూ అవును, సంగీత దర్శకుడూ అవును, అంతకుముందే కొన్ని బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆ చిత్రంలోని ఒక పాటను చిత్రం పేరున ఉంచాలా, గాయకుడి పేరున ఉంచాలా, బాణీ కట్టినవారి పేరున ఉంచాలా? ఈ ప్రశ్నకు జవాబే ట్యాగు. ట్యాగు అంటే ఫైలు లోపలే అతికించిన చీటీ. పాట పేరు, గాయకులు, చిత్రం, సంగీత దర్శకుడు, సంవత్సరం దానిలో వేర్వేరు గళ్లలో ఉంటాయి. పాట ఒకే చోట ఉన్నా, ట్యాగులు చదవగల స్టీరియో దాన్ని ఏ దారిలో అడిగినా తెచ్చి ఇస్తుంది.

ఐడీ3 అని పిలిచే ఈ చీటీ 1996లో పుట్టినప్పుడు ఫైలు చివర 128 బైట్ల చిన్న స్థలమే తీసుకునేది, పాట పేరుకు 30 బైట్లు మాత్రమే ఇచ్చేది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8 అనే వాడుక పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావాలి. ‘పాతాళ భైరవి’ అన్న పేరును విడదీసి రాస్తే 31 బైట్లవుతుంది, ఒక్క బైటు తేడాతో చివరి గుడి తెగిపోతుంది. 1998లో మొదలైన రెండో తరం చీటీ ఈ కొరతను తీర్చింది, యూనికోడ్‌కు చోటిచ్చింది. కాబట్టి ట్యాగులు రాసేటప్పుడు రెండో తరం రూపాన్ని ఎంచుకోవాలి.

పెన్‌డ్రైవ్ సిద్ధం చేసే తీరు

ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో ఏ లెక్కన సర్దాలో చెప్పే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. ఎక్కువ స్టీరియోలు చదవగలిగేది ఫ్యాట్32. ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిని పాత స్టీరియోలు గుర్తించకపోవచ్చు. కొన్ని స్టీరియోలు అక్షర క్రమాన్ని అసలు పట్టించుకోవు, పాటలు పెన్‌డ్రైవ్‌లోకి ఏ వరుసలో చేరాయో ఆ వరుసలోనే వినిపిస్తాయి. పేర్లకు అంకెలు సరిగానే పెట్టినా వరుస తప్పుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. పెన్‌డ్రైవ్‌ను పూర్తిగా ఖాళీ చేసి, ఫోల్డర్లను ఒకటొకటిగా క్రమంలో ఎక్కిస్తే ఇది సర్దుకుంటుంది. ఎన్ని ఫోల్డర్లు, ఎన్ని ఫైళ్లు చదవగలదన్న పరిమితి ఒక్కో మోడలుకు ఒక్కో విధంగా ఉంటుంది, అది స్టీరియోతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది.

పాత రికార్డు నుంచి తీసిన పాట మెల్లగా, కొత్త పాట హోరుగా వినిపించడం మరో సమస్య. ఎంపీ3గెయిన్ వంటి సాధనాలు ఫైలును మళ్లీ కుదించకుండానే, అందువల్ల నాణ్యత చెడకుండానే, ధ్వనిని 1.5 డెసిబెళ్ల మెట్లలో సమం చేస్తాయి. అన్నిటికీ మించి, పెన్‌డ్రైవ్ ఎప్పుడూ నకలే కావాలి గాని అసలు కాకూడదు. ఎండలో నిలిపిన కారు వేడికి అది ఏదో ఒక రోజు పాడవుతుంది. ఇంట్లోని కంప్యూటరులోనో వేరే డిస్కులోనో అసలు ప్రతి ఇదే అమరికతో ఉంటే, అరగంటలో మరో నకలు సిద్ధమవుతుంది.

బజారులో దొరకని పాటల విషయంలో ఈ జాగ్రత్తకు విలువ ఇంకా ఎక్కువ. పాతబస్తీ ఇళ్లలో పెళ్లి నాటి పాటలు, దర్గా ఉర్సులో రికార్డు చేసుకున్న ఖవ్వాలీలు, అమ్మమ్మ పాడిన మంగళహారతులు క్యాసెట్లలో ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి మార్చినప్పుడు ‘ట్రాక్ 01’ అనే పేరుతో వదిలేస్తే, శబ్దం మిగిలినా పాడిన మనిషి చెరిగిపోతుంది. ఆ గొంతు ఎవరిదో, ఏ వాడలో, ఏ సంవత్సరంలో పాడినదో చెప్పగలిగిన పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని, వారికి ఆ పాట వినిపిస్తూ, వారు చెప్పిన మాటను అప్పటికప్పుడే చీటీలో రాసుకోవాలి. సినిమా పాట వివరం ఎప్పుడైనా, ఎక్కడైనా వెతికితే దొరుకుతుంది. అమ్మమ్మ హారతి వివరం ఆ ఇంట్లో, ఆ పెద్దల నోట మాత్రమే దొరుకుతుంది.