బి.పి. మిషను కొనే ముందు దండచెయ్యి కొలుచుకోండి

"డాక్టరు గారూ, ఇంట్లో పెట్టుకోవడానికి మంచి బి.పి. మిషను ఏదైనా చెప్పండి" అని ఓ.పి.లో తరచుగా అడుగుతుంటారు. కంపెనీ పేరు రాసుకోవడానికి కాగితం, పెన్ను కూడా సిద్ధంగా పట్టుకుంటారు. మేము మాత్రం ముందు చొక్కా చెయ్యి పైకి మడవమని, టేపుతో దండచెయ్యి చుట్టుకొలత తీసి ఆ అంకె రాసిస్తాము. ఇదేమిటన్నట్లు చూస్తారు కొందరు.

కారణం ఒక టీచరమ్మ గారి సంగతి వింటే తెలుస్తుంది. రిటైరయ్యారు, ఒక బి.పి. మాత్ర వేసుకుంటున్నారు. కువైట్‌లో ఉన్న అబ్బాయి ప్రేమగా ఒక మిషను పంపించాడు. అందులో రోజూ పై బి.పి. 150కి తగ్గడం లేదు. ఇంట్లోవాళ్ళు కంగారుపడి, మందుల షాపులో అడిగి రెండో మాత్ర కూడా మొదలుపెట్టారు. రెండు వారాలు తిరగకుండానే తెల్లవారుజామున బాత్రూముకు లేచి, కళ్ళు తిరిగి పడ్డారు. ఎడమ మణికట్టు ఎముక విరిగింది. కట్టు వేయించుకోవడానికి వచ్చినప్పుడు కుడి చేతికి పెద్ద పట్టీ చుట్టి చూస్తే, కూర్చున్నప్పుడు పై బి.పి. 112, నిలబెడితే 94!

మిషను పాడైపోలేదు. చేతికి చుట్టే పట్టీ, షాపులో కఫ్ అంటారు, దానితోనే వచ్చింది చిక్కు. ఆ పట్టీ మీద 22 నుండి 32 సెంటీమీటర్లు అని రాసి ఉంది. ఆవిడ దండచెయ్యి 42 సెంటీమీటర్లు.

పట్టీలోకి గాలి ఎక్కినప్పుడు చేతిలోని రక్తనాళం నొక్కుకుపోతుంది. గాలి దిగుతుండగా రక్తం మళ్ళీ పారడం మొదలై, నాడి కొట్టినప్పుడల్లా పట్టీలో చిన్న అదురు పుడుతుంది. మేము స్టెతస్కోపుతో చప్పుడు వింటాము. ఎలక్ట్రానిక్ మిషను ఆ అదురునే పట్టుకుని, తన లెక్క ప్రకారం పై అంకె, కింది అంకె చూపిస్తుంది. పట్టీ చేతికి చిన్నదైతే ఒత్తిడి లోపలి నాళం దాకా సరిగా చేరదు. నాళాన్ని మూయడానికి ఎక్కువ గాలి కావాలి. ఆ ఎక్కువ గాలినే మిషను ఎక్కువ బి.పి.గా చూపిస్తుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2023లో దీన్ని కొలిచి చూపించారు. పెద్ద పట్టీ కావలసినవారికి మామూలు పట్టీ వేస్తే పై బి.పి. సగటున 5 పాయింట్ల దాకా ఎక్కువ చూపింది. అన్నిటికన్నా పెద్ద పట్టీ కావలసినవారికైతే దాదాపు 20 పాయింట్లు! ఒక మాత్ర కలపాలా వద్దా అన్నది అంతకంటే తక్కువ తేడాతోనే నిర్ణయిస్తాము.

బక్కపలచని చేతులవారికి దీనికి తిరకాసు. పట్టీ చేతికి మరీ పెద్దదైతే ఉన్న బి.పి. కంటే తక్కువ చూపిస్తుంది. "నాకు తగ్గిపోయింది" అని మాత్ర మానేసేవారిలో ఇలాంటివారూ ఉంటారు. ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే బి.పి. పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు.

కాబట్టి భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యన, చెయ్యి వదులుగా వేలాడేసి, టైలరు టేపుతో చుట్టు కొలవండి. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద చూసుకోండి. ఆ అంకె పట్టీ మీద రాసిన హద్దుల మధ్య ఉండాలి. 22 నుండి 42 వరకు సరిపోయే పట్టీతో వచ్చే మిషన్లూ ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ వాడాలనుకుంటే ఇద్దరి చేతులూ కొలవండి. విడిగా పట్టీ కొనవలసివస్తే అదే మోడలుకు అదే కంపెనీ చేసింది తీసుకోండి. వేరే పట్టీ గొట్టానికి అమరినంత మాత్రాన సరిపోయినట్లు కాదు.

దండచేతికి కట్టే మిషనే కొనండి. మణికట్టుకు పెట్టుకునేది చిన్నగా, అందంగా ఉంటుంది గానీ, చూసేటప్పుడు మణికట్టు సరిగ్గా గుండె ఎత్తున ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి ఉంటే 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. మనవాళ్ళు ఒళ్ళో చెయ్యి పెట్టుకునే చూస్తారు మరి! ఏ పట్టీ పట్టనంత లావు చెయ్యి అయితే డాక్టరు సలహాతో మణికట్టుది వాడవచ్చు. వేలికి పెట్టేవి వద్దు. చేతి గడియారంలో కనబడే బి.పి. చూసి మందులు మార్చకండి. పాత పాదరసం మిషనే నిజం చెబుతుందని పెద్దవారికి గట్టి నమ్మకం. అది నిజంగానే మంచి పరికరం, కానీ పగిలితే పాదరసం విషం. పైగా స్టెతస్కోపుతో వినడం తెలిసినవారు ఉండాలి. ఇంట్లో వద్దు.

ఇక కంపెనీ సంగతి. పేరు కన్నా మోడల్ నంబరు ముఖ్యం. ఒక మోడల్‌ను కనీసం 85 మంది మీద, శిక్షణ పొందినవారు చూసిన రీడింగులతో పోల్చి పరీక్షించే అంతర్జాతీయ పద్ధతి ఉంది. అలా నెగ్గిన మోడళ్ల జాబితా స్ట్రైడ్ బి.పి. అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలను ఫోనులో వెతికి పెట్టమనండి. గర్భిణీ స్త్రీలకు వాడేదైతే, గర్భిణులలో కూడా పరీక్షించిన మోడలే కావాలి. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవారికి ఈ మిషన్లు ఒక్కోసారి సరిగా చూపవు. వారు కొనే ముందు మమ్మల్ని అడగండి.

ఫోనుకు కలిపే సౌకర్యం లేకపోయినా నష్టం లేదు. ఆ డబ్బు సరైన పట్టీకి పెట్టండి. చూపు ఆననివారికి మాత్రం అంకెలు పైకి చదివి చెప్పే మిషను నిజంగా ఉపయోగం.

చూసే ముందు అరగంట కాఫీ, టీ, పొగ మానండి. మూత్రానికి వెళ్ళి రండి. వీపు ఆనించి, పాదాలు నేలమీద ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి బల్లమీద గుండె ఎత్తున పెట్టండి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ చూపిన చేతికే తర్వాత చూస్తూ ఉండండి. డాక్టరు దగ్గరకు వచ్చే ముందు ఏడు రోజులు, పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం వ్యవధితో చూసి అన్నీ పుస్తకంలో రాయండి. బాగున్న అంకెలే ఏరి రాసేవారున్నారు, మమ్మల్ని సంతోషపెట్టడానికి కాబోలు! మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు మేము తీస్తాము. ఇంట్లో చూసిన సగటు 135/85 లేదా అంతకు మించితే ఎక్కువ కింద లెక్క. ఒక్క రీడింగు చూసి కంగారుపడవద్దు, పదేపదే చూడవద్దు, మాత్ర పెంచవద్దు, మానవద్దు.

పై బి.పి. 180 గానీ, కిందిది 120 గానీ దాటితే అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టరుకు చెప్పండి. దానితోపాటు గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడడం, కాలూ చెయ్యీ పడిపోవడం, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయకుండా, రాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

టీచరమ్మ గారు అబ్బాయి పంపిన మిషనే ఇప్పటికీ వాడుతున్నారు. దానికి సరిపడే పెద్ద పట్టీ మాత్రం కొన్నారు. రెండో మాత్ర తీసేశాము. మీ ఇంట్లో ఇప్పటికే మిషను ఉంటే, ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు పట్టీతో సహా సంచిలో వేసుకుని రండి. మా మిషను పక్కన పెట్టి చూసి చెబుతాము. ఆ తర్వాత ఏడాదికోసారి తెస్తే చాలు.