విండోస్ నుంచి లినక్స్‌కు: తెలుగు పాఠ పరిరక్షణ

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 లేని పాత కంప్యూటర్లలో విండోస్ 11ను స్థాపించడానికి అధికారికంగా వీలులేదు. అందువల్ల హైదరాబాదులోని మోతీనగర్ వంటి పేటల్లో కంప్యూటర్లు బాగుచేసేవారికి లినక్స్ సహజమైన ప్రత్యామ్నాయం. అయితే తెలుగు పరిశోధకుల కంప్యూటర్ల విషయంలో అసలు చిక్కు అక్షర సంకేతాలతోనే వస్తుంది.

అను ఫాంట్లు తెలుగు అక్షర ఖండాలను ఆంగ్లాక్షరాలకు, ఇతర చిహ్నాలకు ఉద్దేశించిన సంకేతస్థానాల్లో నిలుపుతాయి. ఆ ఫాంటు లేనిచోట సిద్ధాంతగ్రంథం అర్థరహితమైన చిహ్నాల వరుసగా కనిపిస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి ప్రత్యేక స్థానం లభించింది. అందులో 'క' సంకేతసంఖ్య 3093. ఫాంటు మారినా, నిర్వహణ వ్యవస్థ మారినా ఆ సంఖ్య మారదు.

కనుక మరమ్మతుదారు మొదట ఫైళ్లన్నిటికీ నకలు తీయాలి. అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులను, విరామచిహ్నాలను మూలంతో సరిచూడవలసిందిగా రచయితను కోరాలి. పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపి ప్రింటరును, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును పరీక్షించాలి. విండోస్‌ను తొలగించడం వీటన్నిటి తరువాతే. ఈ వరుస తప్పితే కంప్యూటరు బాగుపడినా, ఏళ్ల పరిశోధన చదవరానిదవుతుంది.