సారూకి ఊరు దొరికింది... ఈ అమ్మాయిలకో?

'లయన్' చూశారా? 2016లో వచ్చిన ఆ సినిమాలో చిన్నారి సన్నీ పవార్ రైల్లో ఒంటరిగా ఏడుస్తుంటే కంట తడి పెట్టని ప్రేక్షకుడుండడు! అది కల్పిత కథ కాదు. 1986లో అయిదేళ్ల వయసులో తప్పిపోయి కలకత్తా చేరిన ఖండ్వా కుర్రాణ్ణి, మరుసటేడు టాస్మానియా దంపతులు పెంచుకున్నారు. అతను 2012లో కంప్యూటర్‌లో పటాలు వెతికి వెతికి కన్నతల్లిని చేరుకున్నాడు. పేరు నిజానికి 'షేరు'... అంటే సింహం. పలకడం రాక 'సారూ' అయింది!

"అదృష్టవంతుడన్నా! ఇక్కడే ఉంటే ఏమయ్యేవాడు?" అన్నాడు మా మన్సూరాబాద్‌లో పక్కింటి డిగ్రీ కుర్రాడు. మాట కొట్టిపారేసేది కాదు. ఇల్లు, చదువు, ప్రాణంగా చూసుకునే అమ్మానాన్నా దొరికారు. ఇక్కడ ఎవరూ ముందుకు రాని జబ్బు పిల్లల్ని, వైకల్యమున్న పిల్లల్ని విదేశీ దంపతులు గుండెలకు హత్తుకోవడమూ నిజమే.

కానీ మన ఎల్బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు బస్సెక్కితే దేవరకొండ వస్తుంది. ఆ చుట్టుపక్కల లంబాడా తండాల కథ వేరు. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ దత్తత కేంద్రాల మీద పోలీసులు దాడులు చేస్తే బయటపడింది... పేద తల్లుల చేతిలో కాసిని రూపాయలు పెట్టి ఆడశిశువుల్ని దళారులు తెచ్చేవారు. అదే బిడ్డ విదేశం వెళ్తే చేతులు మారేది వేల డాలర్లు! కట్నాల భయం, కరువు... ఆ తల్లిని తిట్టడం నాకు చేతకాదు. తిట్టాల్సింది బేరగాణ్ణి.

కోర్టులు చూస్తూ కూర్చోలేదు. ముందు మన దేశంలోనే తల్లిదండ్రుల్ని వెతకాలని, లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీది మాట తండా దాకా నడవలేదంతే! 2001లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, కన్నవాళ్లే బిడ్డను అప్పజెప్పే పద్ధతిని నిషేధించాల్సి వచ్చింది. ఇప్పుడు దేశమంతటా ఉన్న చట్టం ప్రకారం, బిడ్డను అప్పజెప్పిన తల్లి మనసు మార్చుకోడానికి రెండు నెలల గడువుంది. దరఖాస్తులన్నీ కేంద్ర సంస్థ 'కారా' ద్వారానే నడవాలి.

మనదొక్కటే కాదండోయ్! దక్షిణ కొరియా నుంచి దశాబ్దాల పాటు లక్షమందికి పైగా పిల్లలు పరదేశాలకు వెళ్లారు. అందులో దొంగ రికార్డులున్నాయని ఆ దేశపు విచారణ కమిషనే 2025లో తేల్చింది. చైనా అయితే 2024లో విదేశీ దత్తతలకు దాదాపుగా తలుపులు మూసేసింది.

సారూకి అయిదేళ్ల జ్ఞాపకాలున్నాయి... స్టేషన్, నీళ్ల ట్యాంకు, అన్నయ్య ముఖం. తండాల్లోంచి వెళ్లినవాళ్లు పొత్తిళ్లలోని పసికందులు. ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటారు. పద్దెనిమిదేళ్లు నిండితే తమ పుట్టుక వివరాలు అడిగే హక్కును చట్టం ఇస్తోంది. అడిగారే అనుకోండి... ఆ ఫైలు తెరిస్తే తల్లి పేరు దగ్గర దళారి రాయించిన పేరుంటే? తండా పేరే లేకపోతే?