గోదావరి తీసింది, రోగాన్ని గడప దాటనీయవద్దు

భద్రాచలం: గోదావరి పెరుగుతున్నదంటే చాలు, భద్రాచలం వద్ద ఎన్ని అడుగులున్నదని ఊరూరా అడుగుతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి ఎవరూ మరువలేదు. అయితే నీరు తీసిన తర్వాత ఇంటిలో మిగిలిపోయే ముప్పును గురించి అడిగేవారు తక్కువ.

గోదావరి నిండుగా వున్నప్పుడు కిన్నెరసాని, తాలిపేరు నీరు అందులో కలవలేక వెనక్కి తన్నుతుంది. బూర్గంపాడు, చర్ల వైపు లోతట్టు ఇళ్ళు ఇలా కూడా మునుగుతాయి. ఆ నీరు పశువుల పాకలను, మరుగుదొడ్ల గుంటలను కడుక్కుని వస్తుంది. అది వెళ్ళిపోయినా దాని మురికి బావిలోనూ, గోడలోనూ, గింజల బస్తాలోనూ వుండిపోతుంది.

తాగే నీరు

మునిగిన బావి నీరు తేటగా కనిపించినా తాగరాదు. చేతిపంపు, వాగు ఒడ్డు చెలమ సంగతీ అంతే. మన అడవుల్లో దొరికే చిల్లగింజను అరగదీసి కలిపితే బురద అడుగుకు దిగుతుంది గాని క్రిములు చావవు. తేరిన నీటిని వడగట్టి, తెర్లే వరకు కాచి తాగాలి. పునరావాస కేంద్రాల్లో ఇచ్చే క్లోరిన్ బిళ్ళలను పొట్లం మీద రాసిన కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి వాడుకోవాలి.

బావిని తోడటానికి తొందరపడరాదు. చుట్టూ నేల నానివుండగా నీరంతా తోడేస్తే వరలు కూలవచ్చు. నేల ఆరిన తర్వాత తోడి, పూడిక తీసి, కొత్త నీరు ఊరనిచ్చి బ్లీచింగ్ పౌడరు వేయాలి. మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు వున్న బావిలో సుమారు 9,400 లీటర్లుంటాయి. దానికి పాతిక గ్రాములు కావాలి. మురికి నీటికి ఇంకా ఎక్కువ పడుతుంది కనుక ఆరోగ్య సిబ్బంది చేత పరీక్ష చేయించాలి. పౌడరును బక్కెట్టులో కలిపి, సున్నం దిగిన తర్వాత పైతేటను మాత్రమే బావిలో పోసి బాగా కలియబెట్టాలి. గంట తర్వాత గాని నీరు తోడరాదు. ఘాటు వాసన లేని పాత పౌడరు పనికిరాదు.

తడిసిన గింజలు

వరద నీటిలో నాని బూజు పట్టిన బియ్యం, వడ్లు, ఇప్పపువ్వు తినరాదు, పశువులకూ పెట్టరాదు. కడిగినా, ఎండబెట్టినా, వండినా బూజు విషం పోదు. కూలి చేసుకునేవారికి బస్తా బియ్యం పారబోయటమంటే నెల తిండి పోవటమే. కనుక నష్టం రాసుకోవటానికి వచ్చిన అధికారులకు ముందు చూపించి, ఆ తర్వాతనే పాతిపెట్టాలి.

ఇల్లు, ఒళ్ళు

నానిన మట్టిగోడ ఎండెక్కిన తర్వాత పగిలి కూలుతుంది. ఒరిగిన గోడ పక్కన పిల్లలను పడుకోబెట్టరాదు. కరెంటు మెయిను కట్టివేసి, వైర్లు చూపించిన తర్వాతనే దీపం వేసుకోవాలి. కట్టెల మోపులు, మూటలు చేతితో ఎత్తేముందు కర్రతో కదపాలి, పాములు చేరివుంటాయి. పాము కరిస్తే నాటుమందుకని ఆగక విషానికి విరుగుడు సూది వున్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాలికి పుండున్నవారు బురదలో దిగరాదు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటి నుండి పుండు ద్వారా ఎలుక జ్వరం సోకుతుంది. బురద ఎత్తినవారికి జ్వరం, పిక్కల నొప్పి, కండ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. గుంటల్లో నిలిచిన నీటిలో వారం పది రోజులలో దోమలు తయారవుతాయి. ఇది మలేరియా ప్రాంతం. దోమతెర ఆరబెట్టి ఆ రాత్రి నుండే కట్టుకోవాలి.

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే నీరు మాన్పించటం పెద్ద పొరపాటు. ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ వుండాలి. పొట్లం లేకుంటే లీటరు నీటికి తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలు. తల్లిపాలు ఆపరాదు. కండ్లు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, మలంలో నెత్తురు పడినా తెల్లవారే దాకా ఆగవద్దు. దారి మునిగివుంటే ఆశా కార్యకర్తకు వెంటనే కబురు చేయాలి. ఏ గూడేనికి పడవ దొరుకుతుందో ఆమెకు తెలిసివుంటుంది.