పాలలో ఇద్దరన్నదమ్ములు

పిల్లలూ! మాకు పాలు పోసే ఆమె మొన్నొక సాయంకాలం పెద్ద నల్లడబ్బా ఒకటి చంకన పెట్టుకొని మా యింటికి వచ్చింది.

"మాస్టారూ, మావాడు పోలీసు ఉద్యోగానికని రోజూ తెల్లవారుజామున పరుగు తీస్తున్నాడు. కండ పట్టాలంటే ఈ పొడి తాగాలని ఎవరో చెప్పారట. మూడువేలు పోసి కొన్నాడు. ఇందులో ఏమున్నదో కాస్త చదివి చెప్పండి," అన్నది.

కళ్ళజోడు పెట్టుకొని డబ్బా మీద ఉన్నదంతా చదివాను. నాకు నవ్వు వచ్చింది. "నీ గేదెలు ఇచ్చేదేనమ్మా ఇందులో ఉన్నది!" అన్నాను. ఆమె నమ్మలేదు. మీరూ నమ్మకపోవచ్చు. అందుచేత ఆమెకు చెప్పిన సంగతే మీకూ చెపుతాను.

మన కండలు మాంసకృత్తులతో తయారవుతవి. వీటినే ప్రోటీన్లు అంటారు. పాలలో ఉండేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాని పేరు కేసీన్, రెండవదాని పేరు వే. నూటికి సుమారు 80 పాళ్ళు కేసీన్, 20 పాళ్ళు వే. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములైనా వీటి స్వభావాలు వేరు. పాలలో నిమ్మరసం పిండితే విరుగుతవి కదా! పులుపు తగలగానే గడ్డకట్టేది కేసీన్. వే పులుపుకు లొంగదు, వేడికి లొంగుతుంది. దీనికి సాక్ష్యం కావాలంటే జున్ను చూడండి. గేదె ఈనిన మొదటి రోజుల పాలలో దూడను రోగాలనుంచి కాపాడటానికి వే జాతి మాంసకృత్తులు చాలా ఎక్కువగా ఉంటవి. అందుకే జున్నుపాలను పొయ్యిమీద పెడితే చాలు, చుక్క పులుపు లేకుండానే గడ్డకడతవి. (ఈ పాఠం చెప్పిన రోజల్లా, "మాస్టారూ, జున్ను తేలేదేం?" అని క్లాసంతా నన్ను నిలదీసేది.)

పశ్చిమదేశాలలో చీజ్ తయారుచేసేవారు పాలలోని కేసీన్‌ను గడ్డకట్టించి తీసుకొని, మిగిలిన తేటనీటిని పందులకు పోసేవారు, లేదా కాలువలలో వదిలేవారు. 1970 తరువాత ఆ తేటను అతి సన్నని పొరలగుండా వడగట్టే పద్ధతి వచ్చింది. నీరూ, పాలలోని చక్కెరా పొరను దాటిపోతవి, మాంసకృత్తులు ఇవతలే నిలుస్తవి. వాటిని ఎండబెడితే వే పొడి అవుతుంది. ఒకనాడు పందులకు పోసినదే ఈనాడు డబ్బాలకెక్కి వేలకు అమ్ముడుపోతున్నది!

మరి రెండింటినీ వేరుచేసి, మళ్ళీ కలిపి అమ్మటం దేనికి? కడుపులో పులుపు ఉన్నది కదా! అక్కడ కేసీన్ పెరుగులా గడ్డకట్టి, గంటల తరబడి నెమ్మదిగా అరుగుతుంది. వే తేటగానే జారి త్వరగా రక్తంలో చేరుతుంది. ఫ్రాన్సులో శాస్త్రజ్ఞులు 1997లో ఈ తేడాను కొలిచి చూపించారు. కలిపిన పొడిలో ఒకటి వెంటనే అందుతుంది, రెండవది నిలకడగా అందుతుంది. అది నిజమే. కాని పాలు పుట్టుకతోనే అటువంటి మిశ్రమం. డబ్బావారు చేసిందల్లా ఆ పాళ్ళను మార్చటమే.

డబ్బా కొనేవారు బొమ్మలోని కండలు చూడరాదు, వెనుకవైపు అంకెలు చూడాలి. మా డబ్బాలో చెంచా పొడి 30 గ్రాములు, అందులో మాంసకృత్తులు 21 గ్రాములు. అంటే నూటికి 70. ఇది నూటికి 50 కూడా లేకపోతే మీరు చక్కెరనూ పిండినీ కొంటున్నారన్నమాట. దినుసులలో ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు వేయాలని నియమం. వే, కేసీన్ పేర్లు ముందు లేకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టివేయండి. గ్లైసిన్, టారిన్ అనే పేర్లు కనిపించినా అనుమానించవలసిందే. ఎందుకంటారా? మాంసకృత్తులను విడదీసి తూచరు. నత్రజని ఎంత ఉన్నదో కొలిచి లెక్కకడతారు. కెల్డాల్ అనే డెన్మార్కు రసాయన శాస్త్రజ్ఞుడు 1883లో కనిపెట్టిన ఉపాయమిది. నత్రజని గల చౌకసరుకు ఏది కలిపినా అంకె పెరుగుతుంది. 2008లో చైనాలో నీళ్ళు కలిపిన పాలకు మెలమిన్ చేర్చి ఈ లెక్కనే మోసగించారు. పసిబిడ్డలు మరణించారు.

నేను ఇదంతా చెపుతూ ఉండగా అబ్బాయి కూడా వచ్చి కూర్చున్నాడు. "ఏరా, ఎట్లా తాగుతున్నావు?" అని అడిగాను.

"పొద్దున టిఫిను మానేశానండీ. రాత్రి అన్నం కూడా మానేసి ఇదే తాగుతున్నా. కాని 1600 మీటర్ల పరుగులో సగానికే కాళ్ళు తేలిపోతున్నాయి," అన్నాడు.

తేలిపోక ఏమవుతవి? పరుగుకు కట్టెలు అన్నంలోని పిండిపదార్థాలే. ఇటుకలు తెచ్చి పొయ్యిలో పెడితే మంట వస్తుందా?

కాగితం తీసి లెక్కవేయించాను. మామూలు మనిషికి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెపుతున్నది. గట్టిగా సాధన చేసేవారికి 1.2 గ్రాములు మొదలు 2 గ్రాముల దాకా కావాలంటారు. అబ్బాయి బరువు 60 కిలోలు, కనుక 72 గ్రాములైనా కావాలి. 400 గ్రాముల బియ్యంలో 30 వస్తవి. 60 గ్రాముల కందిపప్పులో 13, రెండు గుడ్లలో 12, గుప్పెడు వేరుసెనగలలో 7, అరలీటరు గేదెపాలలో సుమారు 19. మొత్తం 81!

"ఆ చెంచాడు పొడికి ఎన్ని పాలు సమానమండీ?" అని తల్లి అడిగింది. అరలీటరు పైచిలుకు అని చెప్పాను. డబ్బాకు 33 చెంచాలు, చెంచాకు 90 రూపాయలు పడుతున్నది. ఆమె మాట్లాడలేదు. ఆ యింట రెండు గేదెలున్నవి, కాని పాలు వాడుకలకు పోయగా మిగిలినవన్నీ కేంద్రానికే పోతున్నవి. కొడుకు గ్లాసెడు పాలు తాగి ఎన్నాళ్ళయిందో!

తల్లిదండ్రులకొక మాట. కండలకోసం ఇటువంటి పొడులు వద్దని ఆ సంస్థే 2024లో సలహా యిచ్చింది. బడిపిల్లలకు డాక్టరు చెప్పనిదే పెట్టవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, పాలు పడనివారూ అసలే ముట్టరాదు.

"మరి కొన్న డబ్బా ఏం చెయ్యనండీ?" అన్నాడు అబ్బాయి బిక్కమొహం వేసి.

పారవేయనక్కరలేదన్నాను. రోజుకొక్క చెంచా, పరుగు అయిన తరువాత, టిఫినుకు బదులుగా కాదు, టిఫినుతోపాటు. ముందు గ్లాసులో చల్లని నీళ్ళు పోసి, ఆపైన పొడి వేసి గిలకొట్టాలి. మరిగే నీళ్ళు పోస్తే జున్నులాగే ఉండలు కడుతుంది. మూత బిగించి తడి తగలని చోట పెట్టాలి.

ఆమె డబ్బా చంకన పెట్టుకొని లేచింది. "రేపటినుంచి కేంద్రానికి అరలీటరు తక్కువ పోస్తాను మాస్టారూ," అన్నది. అబ్బాయి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఆ లెక్క కాగితం అడిగి తీసుకుపోయాడు.